రమ్మీ మానేసి ఆప్షన్స్‌లోకి వస్తే ఇన్వెస్టర్ అయిపోయినట్టేనా?

ఈ రోజు స్టూడియో లేదు, లైట్లు లేవు. ఉస్మానియా యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీ ముందు మెట్ల మీద కూర్చుని మాట్లాడుతున్నాను. పొద్దున ఆరున్నర అయింది. వెనకాల వాకింగ్ చేసే పెద్దవాళ్లు కనబడుతుంటారు, మధ్యలో కుక్కలు అరుస్తాయి, ఏమనుకోకండి.

ఇక్కడికే ఎందుకు వచ్చానంటే, ఈ టాపిక్ నాకు ఈ ఏరియాలోనే మొదలైంది. బీటెక్ అయ్యాక తార్నాకలో రూమ్ తీసుకున్నాను. మెట్రో ఎక్కితే మారాల్సిన పని లేకుండా నేరుగా హైటెక్ సిటీ. పొద్దున క్యాంపస్‌లో వాకింగ్, సాయంత్రం తార్నాక చౌరస్తాలో చాయ్. బయటి నుంచి చూస్తే చాలా పద్ధతిగా ఉన్న జీవితం. జేబులో ఫోన్ ఉండేది చూడండి, దానిలోనే పద్ధతి లేదు.

రెండు వారాల కింద ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. ఇక్కడే తార్నాకలో రూమ్‌లో ఉంటూ గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. మెసేజ్ ఇది: "అన్నా, రమ్మీ పూర్తిగా బంద్ చేసిన. ఇప్పుడు ఆప్షన్స్ చేస్తున్న. అంటే గ్యాంబ్లింగ్ నుంచి ఇన్వెస్టింగ్‌కి వచ్చినట్టే కదా? లాంగ్ టర్మ్‌ల మంచిగయితది కదా?"

చదివి కాసేపు రిప్లై ఇవ్వలేకపోయాను. ఎందుకంటే ఆ మెసేజ్ నేను రాసినట్టే ఉంది. 2021లో నేను కూడా అచ్చం ఇదే అనుకున్నాను. అందుకే ముందు నా కథ చెప్తాను, తర్వాత ఆ తమ్ముడి లెక్క చెప్తాను. వాడి పర్మిషన్ తీసుకునే చెప్తున్నాను, పేరు మాత్రం చెప్పను.

బీటెక్ సెకండ్ ఇయర్‌లో హాస్టల్‌లో రమ్మీ మొదలుపెట్టాం. మొదట పేక ముక్కలతో, తర్వాత ఫోన్లలో. ఎవరైనా "ఇది జూదం రా" అంటే మా దగ్గర ఒక రెడీమేడ్ జవాబు ఉండేది: "రమ్మీ స్కిల్ గేమ్, సుప్రీంకోర్టే చెప్పింది." అది నిజమే. ఆ కేసు ఎక్కడిదో తెలుసా? మన పక్కనే ఉన్న సికింద్రాబాద్‌ది. 1963లో అక్కడ ఒక రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు రైడ్ చేశారు. కేసు హైకోర్టుకి, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1967 చివర్లో తీర్పు వచ్చింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలి ఏది వదలాలి అనేది ఆలోచించాలి, కాబట్టి రమ్మీలో ప్రధానంగా ఉన్నది నైపుణ్యమే అని కోర్టు చెప్పింది. కానీ మేం ఆ తీర్పులో సగమే చెప్పుకునేవాళ్లం. ఆట మీద క్లబ్బు లాభం సంపాదించుకుంటుంటే అప్పుడు అది నేరం కావచ్చు అని కూడా అదే తీర్పులో ఉంది. ఆ రెండో ముక్క మాకు అక్కర్లేదు కాబట్టి ఎప్పుడూ గుర్తుకు రాలేదు.

అసలు విషయం ఆ రెండో ముక్కలోనే ఉంది. ఒక చిన్న లెక్క చూద్దాం. ఇద్దరు ఆడుతున్నారు, ఇద్దరికీ సమానమైన తెలివి ఉంది. చెరో 100 పెట్టారు. మొత్తం 200. ఉదాహరణకి ఆడించేవాడు 20 తీసుకున్నాడు అనుకోండి. గెలిచినవాడికి 180. నువ్వు సగం ఆటలు గెలుస్తావు, సగం ఓడతావు. అంటే సగటున ఒక్కో ఆటకి నీకు 10 రూపాయలు పోతుంది. పది ఆటలకి 100. వంద ఆటలకి 1,000. నువ్వు బాగా ఆడినా పోతుంది, సమానంగా ఆడినా పోతుంది. ఆ కమీషన్‌ని దాటేంత గొప్పగా ఆడితేనే మిగులుతుంది. ఎన్ని ఎక్కువ ఆటలు ఆడితే అంత గ్యారంటీగా పోతుంది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గేమింగ్ చట్టాన్ని మార్చి డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని ఆపేసింది. మేం ఆపామా? లేదు. ఫేక్ జీపీఎస్ యాప్ వేసుకుని వేరే రాష్ట్రంలో ఉన్నట్టు చూపించి ఆడాం. అది తప్పే. గొప్ప కోసం చెప్పట్లేదు. చట్టం దుకాణం మూసినా నాలో అలవాటు మూతపడలేదు అని చెప్పడానికి చెప్తున్నాను. 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా ఆపింది. 2025 ఆగస్టులో పార్లమెంటే చట్టం చేసింది. స్కిల్ అయినా, అదృష్టం అయినా, రెండూ కలిసినా, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడించకూడదు అని. అంటే అరవై ఏళ్ల నాటి ఆ "స్కిల్ గేమ్" వాదనతో ఇక పని లేదు. మరి ఆ అలవాటున్నవాళ్లు ఎక్కడికి పోతారు? మన తమ్ముడు పోయిన చోటికే. నేను పోయిన చోటికే.

నాకు ఉద్యోగం వచ్చింది. లాక్‌డౌన్ వచ్చింది. వర్క్ ఫ్రమ్ హోమ్. 2020 మార్చి 23న నిఫ్టీ ఒక్కరోజులో 13 శాతం దాకా పడి 7,610 దగ్గర క్లోజ్ అయింది. ఆ తర్వాత ఎక్కడ చూసినా డీమ్యాట్ అకౌంట్ మాటలే. నేను కూడా తీసుకున్నాను. కొన్ని షేర్లు కొన్నాను, మూడు నెలలు చూశాను, బోర్ కొట్టింది. 2021 జనవరిలో ఆప్షన్స్ మొదలుపెట్టాను. అప్పుడు రమ్మీ యాప్ డిలీట్ చేసి రూమ్‌మేట్‌తో ఏమన్నానో నాకు బాగా గుర్తుంది. "మామా, ఇక ఆటలు బంద్. సీరియస్‌గా ఇన్వెస్ట్ చేస్తున్నా."

ఆప్షన్ అంటే తెలియనివాళ్లకి సింపుల్‌గా చెప్తాను. ఊళ్లో ప్లాట్ కొనేటప్పుడు బయానా ఇస్తాం కదా. అలా, ఫలానా తేదీ లోపు ఫలానా ధరకి కొనే హక్కు కోసం కొంత డబ్బు కడతాం. దాన్ని ప్రీమియం అంటారు. నిఫ్టీ పెరుగుతుంది అనుకుంటే కాల్ కొంటాం, పడుతుంది అనుకుంటే పుట్ కొంటాం. మనం అనుకున్నంత కదలిక ఆ తేదీలోపు రాకపోతే ప్రీమియం మొత్తం సున్నా. వీక్లీ ఆప్షన్ అయితే ఆ తేదీ వారం లోపే. నువ్వు చెప్పింది పదిరోజుల తర్వాత నిజమైనా లాభం లేదు. ఏమీ కదలకపోయినా రోజూ దాని విలువ కొంచెం కొంచెం కరిగిపోతుంది. అంటే వీక్లీ ఆప్షన్ కొన్నవాడికి టైమే శత్రువు.

ఇంకోటి. ఆప్షన్‌లో నాకు 100 వచ్చిందంటే అవతల ఎవరికో 100 పోయినట్టే. కొత్త డబ్బు ఎక్కడి నుంచీ పుట్టదు. మధ్యలో బ్రోకరేజీ, ఎక్స్చేంజి ఛార్జీలు, ఎస్‌టీటీ, జీఎస్టీ పోతాయి. ఇప్పుడు ఇందాకటి రమ్మీ లెక్క గుర్తుచేసుకోండి. ఇద్దరు 200 పెడితే 180 బయటికి వచ్చే ఆట. కమీషన్ శాతం వేరు కావచ్చు. నమూనా మాత్రం అదే.

పైగా నేను ఎవరితో ఆడుతున్నాను? సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని కదా, నాకైనా వెలగాలి. 2024 సెప్టెంబరులో సెబీ ఒక స్టడీ బయటపెట్టింది. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మందికి నష్టమే వచ్చింది. ఖర్చులతో కలిపి సగటున ఒక్కొక్కరికి దాదాపు 2 లక్షలు. అందరిదీ కలిపితే 1.8 లక్షల కోట్లకు పైగా. మరి గెలిచింది ఎవరు? సొంత డబ్బుతో ట్రేడ్ చేసే పెద్ద సంస్థలు, విదేశీ ఫండ్లు. వాళ్ల లాభాల్లో 95 శాతానికి పైగా ఆల్గోల నుంచి, అంటే కంప్యూటర్ ప్రోగ్రాముల నుంచి వచ్చింది. ఆఫీసులో నేను రాసేది ప్రోగ్రాములే. లంచ్ బ్రేక్‌లో ఫోన్ పట్టుకుని పోటీ పడింది కూడా ప్రోగ్రాములతోనే. ఒక చేత్తో పెరుగన్నం, ఇంకో చేత్తో బ్యాంక్ నిఫ్టీ. ఎవరు గెలుస్తారు చెప్పండి.

అదే స్టడీలో నన్ను ఆపేసిన ఇంకో నంబర్ ఉంది. నష్టం వచ్చినవాళ్లలో 75 శాతానికి పైగా మళ్లీ ఆడుతూనే ఉన్నారు. ఇది తెలివి తక్కువ కాదు ఫ్రెండ్స్, ఇది అలవాటు. 2024-25కి సెబీ మళ్లీ లెక్క తీస్తే నష్టపోయినవాళ్లు 91 శాతం, మొత్తం నష్టం 1.05 లక్షల కోట్లు.

ఇప్పుడు నా లెక్క. 2021 జనవరి నుంచి 2023 డిసెంబరు దాకా మూడేళ్లు. నికర నష్టం 4,12,000. అందులో ఛార్జీలే 71,000. అప్పుడు నా జీతం నెలకి 42,000. అంటే దాదాపు పది నెలల జీతం. ఇక అసలు కామెడీ వినండి. అదే మూడేళ్లలో నిఫ్టీ ఎంత కదిలింది? 14,000 దగ్గర మొదలై 21,700 దాటింది. యాభై శాతానికి పైగా పెరిగింది. పెరుగుతున్న మార్కెట్‌లో కూర్చుని, పెరుగుతున్న ఇండెక్స్ మీదే ట్రేడ్ చేసి, నాలుగు లక్షలు పోగొట్టాను. ఇండెక్స్ ఫండ్‌లో వేసి ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేసినా లాభంలో ఉండేవాణ్ణి.

డబ్బు కంటే ఎక్కువ సిగ్గుపడే విషయం ఒకటుంది. 2022లో నాన్న ఫోన్ చేశారు. ఊళ్లో ఇంటి మీద ఒక గది వేద్దాం అనుకుంటున్నాం, నీ దగ్గర ఏమన్నా సర్దుబాటు అవుతుందా అని. నేనేమన్నానంటే, "నాన్నా, డబ్బులన్నీ షేర్లలో ఉన్నయి. లాంగ్ టర్మ్. ఇప్పుడు తియ్యకూడదు." నాన్న నమ్మారు. పైగా నలుగురికీ చెప్పుకున్నారు, మావాడు షేర్లలో పెడుతున్నాడు, జాగ్రత్తపరుడు అని. అక్కడ షేర్లూ లేవు, లాంగ్ టర్మూ లేదు. లాంగ్ టర్మ్ అనే మంచి మాటని నా అబద్ధానికి దుప్పటిలా కప్పాను. ఆ గది ఇంకా వెయ్యలేదు. విషయం చెప్పడానికి నాకు 2024 సంక్రాంతి దాకా పట్టింది. నాన్న తిట్టలేదు. "రమ్మీ అని చెప్తే కనిపెట్టేవాణ్ణి రా, షేర్లు అన్నావు" అన్నారు. అంతే. ఆ ఒక్క మాట కోసమే ఈ వీడియో చేస్తున్నాను అనుకోండి.

ఇప్పుడు తమ్ముడి దగ్గరికి వద్దాం. మెసేజ్‌లో తేలే విషయం కాదని పోయిన ఆదివారం సాయంత్రం తార్నాక మెట్రో స్టేషన్ కింద కలిశాను. రెండు చాయ్‌లు చెప్పి, "ఎంత పోయింది తమ్ముడూ?" అని అడిగాను. "పెద్దగ ఏం లేదన్నా, ఓ ఇరవై ముప్పై వేలు ఉంటది. మధ్యమధ్యల లాభం గూడ వచ్చింది" అన్నాడు.

"సరే, లెక్క రాద్దాం" అన్నాను. బ్రోకర్ యాప్‌లో ప్రాఫిట్ అండ్ లాస్ రిపోర్ట్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంటుంది. చాయ్ దుకాణం వాళ్లనే అడిగి ఒక పాత నోటుబుక్కు కాగితం తీసుకున్నాం. పద్నాలుగు నెలల్లో అకౌంట్‌లోకి వేసింది 1,62,000. బయటికి తీసింది 34,000. ఇప్పుడు మిగిలి ఉన్నది 41,000. పోయింది ఎంత? 87,000. వాడు మూడుసార్లు కూడాడు. మూడుసార్లూ అంతే వచ్చింది.

"ఈ డబ్బు ఎక్కడిది?" అన్నాను. కొంచెంసేపు మాట్లాడలేదు. "లక్ష అమ్మ సంఘంల తీసిన లోన్ అన్నా. కోచింగ్‌కని ఇచ్చింది. కిస్తీ నెలనెలా అమ్మనే కడుతుంది."

"మరి ఇప్పుడు ఏం చేద్దామనుకుంటున్నావు?"

"ఇంకొక్క ఎక్స్‌పైరీ చూస్తా అన్నా. సగమన్న రికవర్ అయితే, అంతటితోని బంద్ చేసి, మీరు చెప్పినట్టు ఇండెక్స్ ఫండ్‌ల వేస్తా."

ఫ్రెండ్స్, ఆ "ఇంకొక్క ఎక్స్‌పైరీ" అనే మాట నేను మూడేళ్లపాటు ప్రతి వారం అన్నాను. పోయిన డబ్బు మార్కెట్‌కి గుర్తుండదు. నీ 87,000 అక్కడ నీ కోసం ఎవరూ దాచిపెట్టలేదు. నువ్వు కొత్తగా ఆడేది కొత్త ఆట. దానిలో కూడా నీ అవకాశాలు పాత ఆటలో ఉన్నంతే.

వాడికి నేను మూడు ప్రశ్నలు చెప్పాను. మీకు కూడా అవే చెప్తాను. ఏ యాప్ అయినా, ఏ స్కీమ్ అయినా, ఈ మూడు అడగండి.

ఒకటి, నాకు లాభం వస్తే అది ఎవరి దగ్గరి నుంచి వస్తోంది? రమ్మీలో పక్కవాడి జేబులోంచి. ఆప్షన్‌లో అవతలివాడి జేబులోంచి. షేరు కొని ఏళ్ల తరబడి ఉంచితే, ఆ కంపెనీ సబ్బులు అమ్మి, సిమెంటు అమ్మి, మందులు అమ్మి సంపాదించిన దానిలోంచి. అక్కడ నేను గెలవాలంటే ఇంకొకరు ఓడక్కర్లేదు.

రెండు, టైమ్ ఎవరి వైపు ఉంది? జూదంలో ఎన్ని ఎక్కువసార్లు ఆడితే నష్టం అంత ఖాయం. ఇన్వెస్టింగ్‌లో దానికి తిరగబడి ఉంటుంది. మంచి విస్తారమైన ఫండ్‌ని ఎంత ఎక్కువ కాలం ఉంచితే నష్టపోయే అవకాశం అంత తగ్గుతూ వస్తుంది. నిఫ్టీ లెక్క 1995 నవంబరులో 1,000తో మొదలైంది. 2024 సెప్టెంబరులో 26,000 దాటింది. సగటున ఏడాదికి 12 శాతానికి దగ్గర. మధ్యలో ఎన్ని స్కాములు, ఎన్ని యుద్ధాలు, ఒక కరోనా.

మూడు, ఇది చూడకుండా ఒక నెల ఉండగలనా? ఉండలేకపోతే అది నీ పెట్టుబడి కాదు, నీ అలవాటు. ఇండెక్స్ ఫండ్‌ని కూడా రోజుకి ఇరవైసార్లు చూస్తూ, పడితే అమ్మి, పెరిగితే కొంటూ ఉంటే దాన్నీ రమ్మీ చేసెయ్యొచ్చు.

అట్లాగని లాంగ్ టర్మ్ అంటే భయమే లేదు అని నేను చెప్పను. అలా చెప్పేవాళ్లని నమ్మకండి. 2008 జనవరిలో నిఫ్టీ 6,300 దగ్గర ఉంది. అదే ఏడాది అక్టోబరుకి 2,500 దాకా పడింది. మళ్లీ ఆ పాత స్థాయిని నిలకడగా దాటడానికి 2013 చివరి దాకా పట్టింది. దాదాపు ఆరేళ్లు. 2008లో చెల్లి పెళ్లి డబ్బు తెచ్చి అందులో పెట్టినవాడి పరిస్థితి ఆలోచించండి. అందుకే ఐదారేళ్లలో అవసరమయ్యే డబ్బు షేర్లలో పెట్టకూడదు.

ఇంకోటి, మన హైదరాబాద్ కథే. సత్యం. ఈ ఊళ్లో పుట్టిన కంపెనీ, ఎంతోమంది తెలుగువాళ్లు గర్వంగా కొని దాచుకున్న షేరు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు ఉత్తరం రాశారు. బ్యాంకుల్లో ఉన్నట్టు చూపించిన డబ్బులో 5,000 కోట్లకు పైగా అసలు లేనే లేదు అని. ఆ ఒక్కరోజులో షేరు నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. పదేళ్లు ఓపిగ్గా దాచుకున్నవాళ్లకీ అదే గతి. కాబట్టి ఓపిక ఒక్కటే చాలదు. ఒకే కంపెనీ మీద ఓపిక పట్టడం కూడా ఒక పందెమే. యాభై కంపెనీలు ఉన్న ఇండెక్స్ ఫండ్ ఎందుకు అంటే ఇందుకు. ఒకటి సత్యం అయినా మిగతా నలభై తొమ్మిది ఉంటాయి.

ఇక ఓపిక ఎందుకు కష్టమో ఒక లెక్క చూపిస్తాను. నెలకి 2,000 చొప్పున ఇరవై ఏళ్లు వేశారనుకోండి. ఏడాదికి 10 శాతం అనుకుందాం. ఇది గ్యారంటీ కాదు, లెక్క కోసం. మీరు వేసింది 4,80,000. చివరికి అయ్యేది సుమారు 15,30,000. వినడానికి బాగుంది. కానీ మొదటి ఐదేళ్లు ఎలా ఉంటాయి? 1,20,000 వేస్తారు, మీద వచ్చేది సుమారు 36,000. ఐదేళ్లకి ముప్పై ఆరు వేలు! ఆప్షన్ ఆడినవాడికి అది ఒక గురువారం మధ్యాహ్నం ఆట. అదే చివరి ఐదేళ్లలో, మళ్లీ అదే 1,20,000 వేస్తే, మీద వచ్చేది సుమారు 5,75,000. మొత్తం మజా చివర్లో ఉంది. బోరు మొత్తం మొదట్లో ఉంది. జూదంలో దీనికి రివర్స్, మజా మొదట్లో, ఏడుపు చివర్లో. అలవాటు పడ్డ మనసుకి మొదటి ఐదేళ్లు నరకంలా ఉంటుంది. నేను ఆ ఐదేళ్లలో రెండో ఏడాదిలోనే ఉన్నాను, కాబట్టి నాకు ఆ బోరు బాగా తెలుసు.

మరి తమ్ముడికి ఏం చెప్పాను? మిగిలిన 41,000 ఇండెక్స్ ఫండ్‌లో వెయ్యమన్నానా? లేదు. అమ్మకి తిరిగి ఇవ్వమన్నాను.

వాడు ఆశ్చర్యపోయాడు. "అన్నా, మీరు ఇన్వెస్టింగ్ చేయాలె అని వీడియోలు చేస్తరు కదా" అన్నాడు. అప్పుడు వాడికి నెల్లూరు కథ చెప్పాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టుకి ఎదురు తిరిగారు. దూబగుంట రోశమ్మ పేరు మన పెద్దవాళ్లకి తెలుసు. ఆ ఉద్యమం జిల్లా అంతా, తర్వాత రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే నెల్లూరులో పొదుపు లక్ష్మి వచ్చింది. రోజుకి ఒక్క రూపాయి దాచుకోవడం. మీ అమ్మ ఈ రోజు ఏ సంఘంలో నెలనెలా డబ్బు కడుతోందో, అలాంటి సంఘాలు ఊరూరా పెరగడానికి ఆ ఉద్యమం పెద్ద దన్ను.

ఇందులో నాకు నచ్చేది వాళ్లు పాటించిన వరస. ముందు కొట్టు మూయించారు, తర్వాత రూపాయి దాచారు. కొట్టు తెరిచే ఉంచి పక్కన డబ్బా పెట్టి పొదుపు చెయ్యమంటే ఆ డబ్బా ఎన్ని రోజులు నిండుతుంది? మనం చేసే తప్పు ఇదే. ఆప్షన్స్ అకౌంట్ అలాగే ఉంచుకుని, అదే యాప్‌లో పక్కన ఒక సిప్ పెట్టుకుని, నేను మారిపోయాను అనుకుంటాం. ఒక చెడ్డ గురువారం వస్తే ఆ సిప్ డబ్బే ముందు బయటికి వస్తుంది. నేను రెండుసార్లు అలా చేశాను.

కాబట్టి వరస ఇది. మొదట దుకాణం మూయాలి. చాలా బ్రోకర్ యాప్‌లలో ఎఫ్ అండ్ ఓ సెగ్మెంట్ డీయాక్టివేట్ చేసుకునే ఆప్షన్ ఉంటుంది, లేదంటే వాళ్లకి మెయిల్ పెట్టి అడగండి. టెలిగ్రామ్ టిప్స్ గ్రూపుల్లోంచి బయటికి రండి. రెండోది, లెక్క మొత్తం ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఒక్కరికి చూపించండి. దాచినంతకాలం అలవాటు బతికే ఉంటుంది. మూడోది, అప్పు తీర్చండి. క్రెడిట్ కార్డు బాకీ మీద ఏడాదికి 36, 40 శాతం దాకా వడ్డీ పడుతుంటే, 10 శాతం ఇచ్చే ఫండ్‌లో పెట్టడం తెలివి కాదు. నాలుగోది, కొన్ని నెలల ఖర్చు బ్యాంకులో పక్కన పెట్టండి. ఇవన్నీ అయ్యాక, ఐదోది, నెలకి 500 అయినా సరే, ఆటోమేటిక్‌గా కట్ అయ్యేలా పెట్టి మర్చిపోండి.

ఇంకో ముఖ్యమైన మాట. ఆపాలని ఉన్నా ఆపలేకపోతున్నాను, నిద్ర పట్టట్లేదు, ఇంట్లో ముఖం చూపించలేకపోతున్నాను అనేవాళ్లు ఉంటే, దీన్ని ఫైనాన్స్ సమస్య అనుకోకండి. టెలీ మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 14416. ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. పోయిన డబ్బు కోసం ప్రాణం మీదికి తెచ్చుకోకండి.

తమ్ముడు ఏం చేశాడు? ఆ రోజు ఏమీ చెయ్యలేదు. "ఆలోచిస్తా అన్నా" అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను కూడా ఇక ఫోన్ చెయ్యలేదు. గురువారం రాత్రి మెసేజ్ వచ్చింది. "40,000 అమ్మకి పంపిన అన్నా. కాగితం గూడ ఫొటో తీసి పంపిన. అమ్మ ఇంకా ఏమనలేదు. భయమైతుంది." నేను అడిగాను, "సెగ్మెంట్ ఆఫ్ చేశావా?" రిప్లై రావడానికి గంట పట్టింది. "చేసిన."

ఆ గంటలో వాడు ఏం ఆలోచించాడో నాకు తెలుసు. మళ్లీ ఆన్ చేసుకోవడం ఎంత సులభమో కూడా తెలుసు. కాబట్టి ఇది సక్సెస్ స్టోరీ అని నేను చెప్పట్లేదు. వాడు ఇన్వెస్టర్ అయ్యాడని కూడా చెప్పట్లేదు. కొట్టు ఒక రోజుకి మూసాడు. రేపు మళ్లీ మూయాలి.

ఇప్పుడు మీరు చూస్తున్న ఈ బిల్డింగ్ సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. ఉస్మానియా యూనివర్సిటీ పెట్టింది 1918లో. ఈ ఆర్ట్స్ కాలేజీ బిల్డింగ్ ప్రారంభమైంది 1939లో. మధ్యలో ఇరవై ఏళ్లకు పైగా వేరే చోట్ల సర్దుకుంటూ క్లాసులు నడిపారు. మనకేమో ఒక గురువారానికే తేలిపోవాలి.

నేను సెబీ రిజిస్టర్డ్ అడ్వైజర్‌ని కాదు. ఏ ఫండ్ కొనాలో చెప్పను, టిప్స్ ఇవ్వను, టెలిగ్రామ్ గ్రూపు నాకు లేదు. నా పేరుతో ఎవరైనా నడిపితే అది మోసం. ఒక్క పని మాత్రం చేయండి. ఈ రోజు మీ రిపోర్ట్ డౌన్‌లోడ్ చేసి, వేసింది, తీసింది, మిగిలింది, ఈ మూడు అంకెలు కాగితం మీద రాయండి. మీరు అనుకున్న నంబర్, వచ్చిన నంబర్ ఒకటేనా చూసుకోండి. తర్వాత ఆ కాగితం ఇంట్లో ఒకరికి చూపించండి.

ఎండ వచ్చేసింది, నేను చాయ్‌కి పోతున్నాను. నెక్స్ట్ వీడియోలో కలుద్దాం. ఉంటాను మరి.